తెర తీసి వెయ్యి

ఇల్లు, ముందు గది
ఆదివారం సాయంత్రం

వదినా,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మనింట్లో ఫోన్లో మాట్లాడితే అన్నయ్యకి వినపడకుండా ఉండటం అయ్యే పనేనా? అటు గదిలో అగ్గిపుల్ల గీస్తే ఇటు గదిలో వినిపిస్తుంది. పైగా నువ్వు ఆ ఆసుపత్రికి లిఫ్టు బిగిస్తూ గోతిలో ఉంటే సిగ్నలుండదు, బయటికొస్తే ఓపికుండదు. అందుకే ఉత్తరం. నవ్వకు.

సంగతేంటంటే, నేనిక మన ఆటలో వైద్యురాలిగా ఆడను.

మన బల్ల దగ్గరికి కొత్తగా లెక్కల టీచరమ్మ వచ్చి చేరింది. ఆవిడకి ఆట గురించి చెప్పే పని నా నెత్తినే పడింది. "ఏం లేదండీ, అందరం కూర్చుని ఒక కథ నడుపుతాం. తలా ఒక పాత్ర తయారు చేసుకుంటాం. రాక్షసులు, కోటలు, అడవులు అన్నీ మా అన్నయ్య చేతిలో ఉంటాయి, ఆయన సూత్రధారి. ఎవరైనా దెబ్బ వేస్తే తగిలిందో తప్పిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, పెద్ద సంఖ్య పడితే తగిలినట్టే" అని చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి మీ పాత్ర ఏం చేస్తుంది?" అనడిగింది. "కట్లు కడుతుంది" అన్నాను. అనగానే నాకే ఒళ్లు మండింది.

చూడు వదినా, మందుల షాపాయన పొద్దుటి నుంచి కొట్లో దగ్గు మందు అమ్మి, ఆదివారం మన బల్ల దగ్గర మాంత్రికుడై నిప్పులు కురిపిస్తాడు. నేను మాత్రం వారమంతా ల్యాబులో ఊరి జనానికి కట్టుడు పళ్లు చేసి, ఇక్కడికొచ్చి మళ్లీ మరమ్మతులే చెయ్యాలా? అన్నయ్యతో అదే అన్నాను. "నీకు కొట్లాటెందుకే, నీ చెయ్యి మంచిది, వైద్యమే నప్పుతుంది" అన్నాడు. ఆ బుజ్జగింపు వింటే ఇంకా మండింది. కుదరదు, యోధురాలినే తెస్తానని భీష్మించుకు కూర్చున్నాను.

చివరికి ఒక పందెం కుదిరింది. కథ ఇప్పుడు నల్లకోట వంతెన వైపు వెళ్తోంది. అక్కడ ఒక కాపలా రాక్షసుడు ఉన్నాడు. మిగతావాళ్లు వంతెన దాటేదాకా వాడిని నేనొక్కదాన్నే ఆపాలి. ఆపితే నేను యోధురాలిని. ఆపలేకపోతే మళ్లీ మందుల సంచీ భుజానేసుకుని, జన్మలో ఈ మాట ఎత్తకూడదు. వానలు తగ్గేలోపు కథ ఆ వంతెన ఎక్కుతుందట. ఈలోపు చిన్నా చితకా పోరాటాల్లో చెయ్యి అలవాటు చేసుకోమన్నాడు.

ఏడేళ్లు ఈ బల్ల దగ్గర నీ 'కొరివి'ని మించిన యోధురాలు లేదు. ఒక్కసారి కూడా పడలేదు. ఎలా తయారుచేశావు దాన్ని? దాచుకోకుండా చెప్పు. ఇంకో మాట. పని తెమలక రావడం లేదంటున్నాడు అన్నయ్య. ఇన్ని నెలలు తెమలని లిఫ్టు ఏ లోకానికి వెళ్తోంది?

నీ మరదలు

*

ఆసుపత్రి కొత్త భవనం, సామాన్ల షెడ్డు

ఏమే మరదలు పిల్లా,

మొత్తానికి నువ్వూ కోపం తెచ్చుకోవడం నేర్చుకున్నావు. సంతోషం.

కొరివి సంగతి అడక్కు. దాని గొప్పలు నేను చెప్పను. పాత్ర ఎలా కట్టాలో మాత్రం చెబుతాను, చెవులు రిక్కించి విను.

మొట్టమొదట, నీ పాత్ర చేసే పని ఏంటో ఒక్క ముక్కలో చెప్పుకో. "వంతెన మీద ఒకడిని ఆపడం." అంతే. అన్నీ చేసే యోధురాలు ఏదీ సరిగ్గా చెయ్యదు. పాత్రకిచ్చిన బిందువులను బలానికీ చురుకుకీ ఓర్పుకీ తెలివికీ తలా కాస్త చిల్లర పంచినట్టు పంచావంటే, నాలుగు చోట్లా బీదరాలివవుతావు.

రెండోది, బలం చూసి మోసపోకు. కొత్తవాళ్లంతా అక్కడే బోర్లా పడతారు. పే...ద్ద గొడ్డలి పట్టుకుంటారు, తీరా వాళ్ల వంతు వచ్చేసరికి రాక్షసుడు రెండు దెబ్బలు వేసి ఉంటాడు. చురుకుకి ఎక్కువ పెట్టు. ముందు కదిలినవాడిదే పోరాటం. ఆ తర్వాత ఓర్పు. దెబ్బ తిని నిలబడగలగాలి. బలం ఆ తర్వాతే.

మూడోది, డాలు. ఎదుటివాడిని చంపడం నీ పని కాదు, కదలనివ్వకపోవడం నీ పని. గొడ్డలి కన్నా బల్లెం మంచిది, వాడు దగ్గరికి రాకముందే పొడవచ్చు.

ఇక్కడ మా మేస్త్రీ "ఏంటమ్మా అంత దీక్షగా రాస్తున్నారు, లిఫ్టు లెక్కలా?" అనడిగాడు. రాక్షసుడిని ఆపే లెక్కలని చెప్పాను. పాపం, నా పై ఆఫీసరు గురించి అనుకున్నట్టున్నాడు, గొంతు తగ్గించి "మంచి పని చేస్తున్నారు" అన్నాడు.

నేనెందుకు రావడం లేదంటావా, పని ఉంది. అంతే.

వదిన

*

ల్యాబు, మధ్యాహ్నం విరామం

వదినా,

తిట్టకూడదు. ముందే మాట తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికే నేను బొమ్మ చెక్కేశాను. ల్యాబులో పళ్ల అచ్చులు పోసే తెల్ల పిండి మిగిలితే, దాంతో బల్ల మీద నిలబెట్టుకోవడానికి నా యోధురాలి బొమ్మ చేశాను. బొటనవేలంత. పళ్లకి గాట్లు పెట్టే చిన్న కత్తితో కళ్లు, జడ, బూట్లు అన్నీ చెక్కాను. చేతిలో తలకన్నా పెద్ద గొడ్డలి. ఎంత ముద్దొచ్చిందో! నువ్వేమో డాలు, బల్లెం అన్నావు. గొడ్డలి విరగ్గొట్టడానికి చేతులు రాలేదు. అందుకని బొమ్మకి తగ్గట్టు పాత్రని కట్టేశాను. బిందువులన్నీ బలానికే.

నాకు తెలుసు, చొక్కా నచ్చిందని దానికి సరిపోయే మనిషిని వెతికినట్టుంది నా పని. కానీ విను, గెలిచాను! రెండు ఆదివారాలు, మూడు పోరాటాలు, మూడింట్లోనూ గెలుపు నాదే. దానికి చురుకు లేదన్న మాట నిజమే, అన్నిసార్లూ వాళ్లే ముందు కొట్టారు. కానీ అన్నయ్య మ్యాపులు దాచుకునే తన అట్ట తెర వెనక పాచిక వేసి చూసి "తప్పింది" అనేవాడు. మళ్లీ వేసేవాడు, "మళ్లీ తప్పింది" అనేవాడు. ఆ తర్వాత నా వంతు రావడం, గొడ్డలి తిప్పడం, అయిపోయింది. లెక్కల టీచరమ్మ కళ్లజోడు పైకి తోసుకుని "మీకు భలే కలిసొస్తోందండీ" అంది.

అన్నయ్య కూడా మెచ్చుకున్నాడు. "మీ వదిన తర్వాత నువ్వే" అన్నాడు. ఆ మాట వినడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలుసా? నాకైతే కాళ్లు నేల మీద ఆనడం లేదు. వంతెన వచ్చే నెలలో.

నువ్వు చెప్పినట్టు చెయ్యకపోయినా గెలుస్తున్నాను. ఒప్పుకో.

నీ మరదలు, గొడ్డలి యోధురాలు

*

ఆసుపత్రి కొత్త భవనం, ఆరో అంతస్తు

అమ్మాయ్,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. మూడోసారి కూడా చించితే పిరికిదాన్నవుతాను. అందుకే ఇది పోస్టులో వేస్తున్నాను.

నువ్వు గెలవలేదు.

కోపం తెచ్చుకో, తర్వాత మిగతాది చదువు. ముందు కదలలేని పాత్ర మూడు పోరాటాల్లో ఒక్క గీత కూడా పడకుండా బయటపడటం జరగదు. కలిసిరావడం కాదది. మీ అన్నయ్య.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఈదురుగాలి వచ్చింది గుర్తుందా, కిటికీ వెయ్యడానికి నేను లేచి ఆయన కుర్చీ వెనక్కి వెళ్లాను. అప్పుడు కొరివి మీదికి ఒక రాక్షసి దూకి ఉంది. ఆయన తెర వెనక పాచిక వేశాడు. పద్దెనిమిది పడింది. నేను కళ్లారా చూశాను. ఆయన తలెత్తకుండానే "మూడు. తప్పింది" అన్నాడు. ఎంత అలవాటుగా అన్నాడంటే, ఆ గొంతులో వణుకు కూడా లేదు.

ఆట అయ్యాక అడిగాను. బుకాయించలేదు, ఆ మాత్రం నిజాయితీ ఉంది. "నువ్వు దాన్ని అంత ప్రేమగా చేసుకున్నావు, చస్తే బాధపడతావని" అన్నాడు. ఎప్పటి నుంచి అంటే, మొదటి నుంచీ అన్నాడు. ఏడేళ్లు! కొరివి ఎప్పుడూ పడలేదని మీరంతా అంటుంటే నేను ఎంత మురిసిపోయేదాన్నో. అది పడలేదంటే, అసలు పోరాడనే లేదు కాబట్టి పడలేదు. నేను వేసిన ప్రతి ఎత్తు, రాత్రిళ్లు కూర్చుని వేసుకున్న ప్రతి లెక్క, అన్నీ ఒకటే. నేను బల్ల మీద నిద్రపోయినా అది గెలిచేది.

మేం లిఫ్టు బిగించాక ఏం చేస్తామో తెలుసా? అందులో బరువులు పెట్టి, కావాలని వేగం మీరి కిందికి వదులుతాం. బ్రేకు పట్టిందా, అప్పుడు మనుషుల్ని ఎక్కనిస్తాం. వదిలి చూడని బ్రేకు నాకు బ్రేకే కాదు. మీ అన్నయ్య నన్ను ఒక్కసారి కూడా వదిలి చూడలేదు.

ఇక్కడి పని ఎవరూ పంపితే వచ్చింది కాదు. నేనే అడిగి వేయించుకున్నాను. ఇంకొన్నాళ్లు ఆ బల్ల ముందు కూర్చుంటే ఆయన్ని ఏదో ఒకటి అనరాని మాట అంటానని భయం వేసింది. మీ అన్నయ్య చెడ్డవాడు కాదు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమకే నా ఒళ్లు మండింది.

ఇప్పుడు నీ ఇష్టం. నోరు మూసుకుంటే వంతెన నీదే, రాసిస్తాను. యోధురాలివని చప్పట్లు కొడతారు. లేదంటే తెర తియ్యమని అడుగు. తీస్తే నువ్వు చావొచ్చు. ఆ గొడ్డలితోనైతే తప్పకుండా చస్తావు.

వదిన

*

ఇల్లు, ముందు గది

వదినా,

నీ ఉత్తరం చదివి నీతో జన్మలో మాట్లాడకూడదనుకున్నాను. వారం రోజులు నిజంగానే అనుకున్నాను. నా సంతోషం నీ కంటికి ఎందుకు నలుసైందో అని ఏడ్చాను కూడా. నాకు ఒక్క గెలుపు దొరికింది, దాన్నీ ఊడలాక్కున్నావు. ఇప్పటికీ కాస్త కోపంగానే ఉంది, అది అలాగే ఉండనీ.

కానీ ఒకసారి విన్నాక చెవిలోంచి పోదు కదా. పోయిన ఆదివారం నేను పాచికల వైపు చూడకుండా అన్నయ్య ముఖం వైపు చూశాను. పాచిక దొర్లి ఆగుతుంది, ఆయన కళ్లు కిందికి వెళ్తాయి, ఒక్క క్షణం నా వైపు చూస్తాడు. ఆ తర్వాత "తప్పింది" అంటాడు. పాచిక చూశాక నన్నెందుకు చూడాలి?

అక్కడితో ఆగలేదు నా బుర్ర. ల్యాబులో లోహం కరిగించి పళ్ల తొడుగులు పోసే కొలిమి పని నేర్పమని ఎన్నిసార్లు అడిగానో నీకు తెలుసు. నా తర్వాత వచ్చినవాళ్లు కూడా కొలిమి దగ్గరికి వెళ్లారు, నేను ఇంకా పిండి కలుపుతూ ఉన్నాను. నాకు చేతకాదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. నిన్న నేరుగా ఓనరు గదిలోకి వెళ్లి అడిగేశాను. ఆయన తెల్లబోయి, "మీ అన్నయ్యగారే కదమ్మా, నిప్పు దగ్గర వద్దు, కాస్త చూసుకోండి అన్నారు" అన్నాడు.

తలుపు చప్పుడయ్యేలా వేసి వచ్చాను. ఓనరు గది తలుపు! ఎవరైనా చూస్తే అది నేనేనా అనుకునేవారు.

అన్నయ్యని ఇంకా ఏమీ అనలేదు. అంటే ఏమంటాడో నాకు తెలుసు. "నీ మంచికేనే" అంటాడు. అందుకే మాటలతో కాదు, వంతెన మీద తేల్చుకుంటాను. తెర తీయమంటాను. బల్ల నడిమధ్య, అందరి కళ్ల ముందు వెయ్యమంటాను.

గొడ్డలి విరగ్గొట్టేశాను వదినా. చిన్న కత్తి పెట్టి టక్కున. ఇప్పుడు పాత్రని మళ్లీ మొదటి నుంచి కడుతున్నాను. చురుకు, ఓర్పు, డాలు, బల్లెం. పోరాటం ఎలా చెయ్యాలో చెప్పు. గెలిపించమనడం లేదు, నిలబడటం నేర్పు.

నీ మరదలు

*

లిఫ్టు గది, పైకప్పు మీద

నా బంగారు మరదలా,

నీ ఉత్తరం చదివి పైకప్పు మీద ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. కింద మేస్త్రీ ఏదో పడిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

విను. వంతెన ఇరుకు. అదే నీ అదృష్టం. అంచుకి పోకు, నడిమధ్య నిలబడు. వాడు నిన్ను దాటుకుని వెళ్లడానికి సందు ఉండకూడదు. వాడు వెనక్కి జరిగితే వెంటపడకు. నిన్ను కదిలించాలనే వెనక్కి జరుగుతాడు. రాక్షసుడు కదా అని తెలివి లేదనుకోకు, వాడి బుర్ర మీ అన్నయ్యదే.

మొదటి దెబ్బ నీదవ్వాలి. చురుకు పెట్టావు కాబట్టి అవుతుంది. బల్లెంతో కాళ్లకి గురి పెట్టు, గుండెకి కాదు. కుంటివాడు దాటలేడు. సగం ప్రాణం పోయాక భయమేసి కత్తి దూస్తారు అందరూ, డాలు దించేస్తారు. దించకు. చేతులు పీకినా దించకు.

మిగతావాళ్లని గబగబా దాటమని ముందే చెప్పు. మందుల షాపాయన వంతెన మధ్యలో ఆగి మంత్రాలు ప్రదర్శిస్తాడు, ఆయన్ని తిట్టైనా పంపు.

ఇన్ని చేసినా చావొచ్చు. మంచి పాత్ర అంటే చావని పాత్ర అని ఎవరు చెప్పారు నీకు? నేనే చెప్పి ఉంటాను, ఏడేళ్లు అలాగే అనుకున్నాను. అది కాదు. తను ఏ పని మీద నిలబడిందో ఆ పని అయ్యేదాకా నిలబడేది మంచి పాత్ర.

నేను మాత్రం తెర తీయమని అడగలేదు. లేచి వచ్చేశాను. నువ్వు అడుగు.

వదిన

*

ఇల్లు, సోమవారం పొద్దున, ల్యాబుకి వెళ్లే ముందు

వదినా,

అంతా వరసగా చెబుతాను.

అందరూ కూర్చున్నాక, అన్నయ్య తెర నిలబెడుతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. "తెర తీసి వెయ్యి" అన్నాను. నవ్వాడు. "సూత్రధారికి తెర లేకపోతే ఎలాగే?" అన్నాడు. "మ్యాపులు దాచుకో, కథ దాచుకో, నాకు అభ్యంతరం లేదు. పాచిక మాత్రం ఇక్కడ వెయ్యి" అని బల్ల మధ్యలో వేలు పెట్టి చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నా ముఖం చూశాడు, నాకు తెలుసని తెలిసిపోయింది.

"మీ వదిన రాసిందా?" అన్నాడు మెల్లగా.

"రాసింది. ఓనరు కూడా చెప్పాడు."

మందుల షాపాయన ఏమీ అర్థం కాక టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అన్నయ్య "అలాగైతే నేను నడపను" అన్నాడు. "నడపకు. నేను వంతెన మీద నిలబడే ఉంటాను, ఎన్ని ఆదివారాలైనా" అన్నాను. చెయ్యి మాత్రం తీయలేదు. లెక్కల టీచరమ్మ అట్ట తెర తీసి, మడిచి, తన కుర్చీ కింద పెట్టేసుకుంది. ఆవిడకి దణ్ణం పెట్టాలి.

వేశాడు. మొదటి వంతు నాకే వచ్చింది. బల్లెం రాక్షసుడి కాలికి తగిలింది. వాడి దెబ్బ డాలు మీద పడింది. రెండో దెబ్బ తగిలింది, నిజంగా తగిలింది. నా పాత్రకి మొదటిసారి రక్తం వచ్చింది. కాగితం మీద దాని ప్రాణం సంఖ్య కొట్టేసి తక్కువ సంఖ్య వేసుకున్నాను. వదినా, ఎంత భయం! ఎంత బాగుంది! మందుల షాపాయన మధ్యలో ఆగి ఏదో మంత్రం అన్నాడు, "దాటి చావండి బాబూ" అని అరిచాను. దాటేశాడు. రాక్షసుడు వెనక్కి జరిగాడు, నేను జరగలేదు. సగం ప్రాణం పోయింది. డాలు దించలేదు.

లెక్కల టీచరమ్మ ఆడే దొంగ పాత్ర చివర్న కుంటుకుంటూ వచ్చింది. ఆవిడ అవతలి గట్టు మీద కాలు పెట్టింది. పందెం అక్కడికి నెగ్గాను. ఇక వెనక్కి తిరిగి పరిగెత్తడమే మిగిలింది, కానీ వాడి వంతు ఇంకా ఉంది.

అన్నయ్య పాచిక వేశాడు. అది దొర్లి, టీ కప్పుకి తగిలి, ఆగింది. ఇరవై. అంతకన్నా పెద్ద దెబ్బ లేదు.

అన్నయ్య గబుక్కున పాచిక మీద చెయ్యి వేశాడు. "కప్పుకి తగిలింది. ఇది చెల్లదు, మళ్లీ వేస్తాను" అన్నాడు.

"చెల్లుతుంది" అన్నాను.

"పందెం నెగ్గావు కదే. ఊరికే ఎందుకు చంపుకోవడం?"

"చెయ్యి తియ్యి అన్నయ్యా. చెల్లుతుంది."

తీశాడు. ఇరవై అలాగే ఉంది. నా బొమ్మని నేనే నా చేత్తో వంతెన మీద పడుకోబెట్టాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కానీ అది ఎవరో ఇచ్చిన చావు కాదు, నాది. లెక్కల టీచరమ్మ లేచి నిలబడింది. అన్నయ్య తల దించుకుని, "నా చేత్తో నిన్ను చంపించావు" అన్నాడు. "ఇన్నాళ్లూ నువ్వు నన్ను పుట్టనివ్వలేదు" అన్నాను. అంత మాట అనాలనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

వచ్చే ఆదివారానికి కొత్త పాత్రని కడుతున్నాను. మళ్లీ యోధురాలే. ఇప్పుడు ల్యాబుకి వెళ్లి కొలిమి ముందు నిలబడతాను. కాలితే నా చెయ్యే కదా కాలేది.

ఇందాక అన్నయ్య నన్ను గుమ్మంలో ఆపాడు. "మీ వదినని అడుగు. తెర లేకుండా నడిపితే వస్తుందేమో" అన్నాడు. నేను అడగనన్నాను. నువ్వే రాయి అన్నాను. రాస్తాడో లేదో.

నీ మరదలు

*

ఆసుపత్రి కొత్త భవనం, కింది అంతస్తు

అమ్మాయ్,

రాశాడు. రెండు వాక్యాలు. "ఇక నీ పాచిక దాచను. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు." నేను ఆ కాగితం చేతిలో పట్టుకుని లిఫ్టులో పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగానో, పనివాళ్లు ఏదో తనిఖీ అనుకున్నారు.

క్షమించానో లేదో నాకింకా తెలియదు, ఆ సంగతి ఆయనతోనే తేల్చుకుంటాను. నువ్వు మధ్యలోకి రాకు. కానీ నీ ఉత్తరం చదివాక నాకు ఒకటే పట్టుకుంది. నువ్వు కట్టిన పాత్ర ఒక్క పూట బతికింది, దాని బతుకు నీకు తెలుసు. నా కొరివి ఏడేళ్లుగా ఉంది, అది ఎలాంటిదో నాకు ఈ రోజుకీ తెలియదు. మంచి యోధురాలో, ఒట్టి మాటల మనిషో.

ఆదివారం వస్తున్నాను. అదే వంతెన, అదే రాక్షసుడు. కొరివి పాత బిందువులే, ఒక్కటి కూడా మార్చను. బహుశా మొదటి వంతులోనే పడిపోతుంది. ఇది రాస్తుంటేనే భయం వేస్తోంది. ఏడేళ్లలో ఆ బల్ల దగ్గర నాకు ఒక్కసారి కూడా ఇంత భయం వెయ్యలేదు.

మీ అన్నయ్యకి చెప్పు, గట్టిగా కొట్టమని.

వదిన